చీమ తల తెంపే ఈగ, ఎర మందు, మరిగిన నీళ్లు: ఏది మేలు?

చీమ మీద ఒక ఈగ వాలుతుంది. కొన్నాళ్లకు ఆ చీమ తల ఊడి పడుతుంది. ఊడిన తలలోంచి కొత్త ఈగ బయటికొస్తుంది. మా హనుమకొండ, పరకాల వైపు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ వీడియో తెగ తిరుగుతోంది. కింద అందరిదీ ఒకటే మాట: "అన్నా, ఈ ఈగలు మనకు ఏడ దొరుకుతయి?" మిరప కల్లంలో తాలు కాయలు ఏరే ఆడవాళ్ల కాళ్లకు ఎర్రచీమలు ఎగబాకితే ఎట్లుంటదో చూసినోళ్లు ఆ మాత్రం ఆశపడతారు. కాకపోతే ఆ ఈగ ఏ చీమది, ఎందుకు తెచ్చారు అన్నది ముందు తేల్చుకోవాలి.

వీడియోలోది సొలెనాప్సిస్ ఇన్విక్టా అనే దక్షిణ అమెరికా చీమ. 1930లలో అమెరికాలోని అలబామా రాష్ట్రం మొబైల్ రేవులో ఓడల వెంట దిగి, దక్షిణాది రాష్ట్రాలన్నీ పాకింది. ఒక్కో పుట్టలో రెండు లక్షల పైచిలుకు చీమలుండొచ్చు. రాణి రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. కుట్టిన చోట మర్నాటికి తెల్లటి చీము పొక్కు లేస్తుంది. 1957లో అక్కడి ప్రభుత్వం విమానాలతో హెప్టాక్లోర్, డీల్డ్రిన్ అనే పురుగుమందులు చల్లించింది. పిట్టలు, చేపలు చచ్చాయి, చీమ మాత్రం మిగిలింది. ఆ తర్వాత మైరెక్స్ అనే మందు కలిపిన ఎర వచ్చింది, 1970ల చివర్లో దాన్నీ ఆపేశారు. చీమల శాస్త్రవేత్త ఇ.ఓ. విల్సన్ ఈ మొత్తం తతంగాన్ని కీటకశాస్త్రపు వియత్నాం, అంటే ఎంత పోరాడినా గెలవని యుద్ధం, అన్నాడు. మందు దెబ్బకు స్థానిక చీమలు కూడా పోయాయి, ఖాళీ అయిన నేలలోకి అందరికంటే ముందు తిరిగొచ్చింది ఇదే చీమ. ఈగ ఆలోచన పుట్టింది ఇక్కడే: ఆ చీమకు సొంతూళ్లో ఉన్న శత్రువులు అమెరికాలో ఎందుకు లేరు?

ఆ ఈగ పేరు సూడాక్టియాన్. ఒకటి రెండు మిల్లీమీటర్లుంటుంది, దోమ పక్కన పెడితే దోమే పెద్దది. చీమల బారు మీద గాల్లో నిలబడి అదను చూసి, రెప్పపాటులో చీమ రొమ్ము భాగంలో ఒక గుడ్డు దింపి పోతుంది. పుట్టిన పురుగు నెమ్మదిగా తలలోకి చేరి, లోపలి కండంతా తిని, చివరికి మెడ దగ్గరి పొరల్ని కరిగిస్తుంది. తల ఊడుతుంది. ఆ డొల్లే దానికి గూడు, ఈగ బయటపడేది చీమ నోటి గుండానే. గుడ్డు నుంచి ఈగ అయ్యేదాకా ఐదారు వారాలు, చల్లటి కాలమైతే ఇంకా ఎక్కువ. చిన్న చీమలకొక జాతి, పెద్ద చీమలకొక జాతి ఉన్నాయి. ఒకటి మిట్టమధ్యాహ్నం తిరిగితే ఇంకొకటి తెల్లవారుజామున, మునిమాపున తిరుగుతుంది. అందుకే 1997లో ఫ్లోరిడాలో ట్రైకస్పిస్ జాతితో మొదలుపెట్టి, తర్వాత మరికొన్ని జాతులు వదులుతూ వచ్చారు.

వినడానికి ఇంత బాగున్న ఈ ఈగ చంపే చీమలెన్ని? ఒక్కో ఈగ పిల్లపురుగు ఒక చీమనే తింటుంది. మామూలుగా పుట్టలో నూటికి ఒకటో రెండో చీమలకు మించి దీని బారిన పడవు. ఫ్లోరిడాలో మొదటి జాతి కుదురుకున్నాక కొన్నేళ్లు లెక్కలు తీస్తే చీమల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. దీని అసలు బలం భయంలో ఉంది. ఈగ తలమీదికొస్తే చీమలు మేత వదిలేసి ముడుచుకుంటాయి, కన్నాల్లో దూరతాయి. ఆ కాస్త సందులో స్థానిక చీమలు తిండి దక్కించుకుంటాయి. పైగా ఈ ఈగ తన చీమను తప్ప మరోదాన్ని పట్టించుకోదని పరీక్షించాకే వదిలారు. ఒకసారి నిలదొక్కుకుంటే మళ్లీ కొనే పని లేదు, తనంతట తానే ఏటేటా దూరం పాకుతుంది. మన వరి పొలంలో పురుగుల గుడ్లను నాశనం చేయడానికి కట్టే ట్రైకోకార్డుల (చిన్న కందిరీగలు బయటికొచ్చే అట్టముక్కల) కందిరీగలకూ దీనికీ ఇదే తేడా. కార్డులు ప్రతి పంటకూ మళ్లీ తెచ్చుకోవాలి.

కాబట్టి ఈగ రాష్ట్రాలు, దేశాలు చేయాల్సిన పని. డాలస్‌లో ఉన్న మన పిల్లలు పెరట్లో పసివాడు ఆడుకునే చోటు రేపటికి బాగుపడాలనుకుంటే ఈగ వల్ల అయ్యేదేమీ లేదు.

అక్కడ పనికొచ్చేది ఎర. సోయా నూనె పట్టించిన మొక్కజొన్న రవ్వలో నెమ్మదిగా పనిచేసే మందు కలిపి ఎకరానికి అర కిలో, ముప్పావు కిలో చల్లుతారు. చీమలే దాన్ని మోసుకెళ్లి రాణికి చేరుస్తాయి. నిదానమే దీని కిటుకు: మోసేది దారిలోనే చస్తే రాణికేం ముట్టదు. నేల పొడిగా ఉండాలి, ఆ రోజు వాన పడకూడదు, నూనె కంపు కొట్టే పాత డబ్బా వాడకూడదు, ఎండపొద్దున కాక సాయంత్రం చల్లాలి. టెక్సస్ విశ్వవిద్యాలయాల విస్తరణ నిపుణులు ముందు చోటంతా ఎర చల్లి, ఆ తర్వాతా మిగిలిన పుట్టలకే విడిగా మందు పెట్టమంటారు. నా ఓటు కూడా దానికే.

పుట్టకు పదకొండు లీటర్ల చొప్పున మరిగిన నీళ్లు పోస్తే పదిలో ఆరు పుట్టలు పోతాయి. పోసేవాళ్ల కాళ్లు జాగ్రత్త, చుట్టూ గడ్డి మీద ఆశ వదులుకోవాలి.

ఇక మన సంగతి. మన దగ్గర కుట్టే ఎర్రచీమల్లో ఇన్విక్టాకు దాయాది ఒకటుంది, సొలెనాప్సిస్ జెమినాటా. అదీ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే, కానీ చాలా కాలం నుంచి ఇక్కడే ఉంది. తల బాగా పెద్దగా ఉండే చీమలు గింజలు నూరుతూ కనబడతాయి, డ్రిప్పు పైపులు కూడా కొరుకుతాయి. ఇన్విక్టా కోసం ఎంచిన ఈగ దీని మీద వాలుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. కొరియర్‌లో తెప్పించుకోవడం మాట అసలే వద్దు. బయటి దేశపు మిత్రపురుగును అనుమతి లేకుండా దించడం చట్టరీత్యా కుదరదు. కుదిరిన చోట ఎలా జరుగుతుందో చూడాలంటే బొప్పాయి పిండినల్లి ఉంది. 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడితే, 2010లో ప్యూర్టోరికో నుంచి దాని కందిరీగలను ప్రభుత్వ సంస్థే తెప్పించి, పరీక్షించి, పెంచి పంచింది.

గట్టు మీద పుట్ట కనబడగానే పొడి మందు చల్లే అలవాటు మాత్రం మానాలి. పైనున్న నాలుగు చీమలు చస్తాయి, రాణి లోపలే ఉంటుంది, వారం తిరక్కుండా పక్కన ఇంకో పుట్ట లేస్తుంది. పత్తి చేలో ఎర్రచీమలు పురుగుల గుడ్లనూ పిల్లపురుగులనూ తింటాయి కూడా, ఎవరినీ కుట్టని చోట వాటి మానాన వాటిని వదిలేయడమే లాభం. పేనుబంక పట్టిన మొక్క మీద చీమల బారు కనిపిస్తే అది వేరే లెక్క, అక్షింతల పురుగులను తరిమి పేనుబంకను కాపాడేది ఆ చీమలే.

ఇంటి దగ్గరైతే వంద మిల్లీలీటర్ల నీళ్లలో పది గ్రాముల పంచదార, ఒక్క గ్రాము బోరిక్ పౌడర్ కలిపి, దూదిలో నానబెట్టి బారు పక్కన పెట్టి చూడండి. పౌడర్ ఎక్కువైతే చీమలు ముట్టవు, లేదా పుట్ట చేరకముందే చస్తాయి. పిల్లలకూ కోళ్లకూ అందకుండా మూతకు చిల్లులు పెట్టిన డబ్బాలో ఉంచండి. మిరప కల్లంలో మాత్రం ఏ మందూ వద్దు, కాయ పోసేముందు రోజు పుట్టలు వెతికి మరిగిన నీళ్లు పోయండి.