అమెరికాలో ఎం.ఎస్.ఆ, జర్మనీలో మాస్టర్సా: ఒకే ఇల్లున్న వారికి ఏది మేలు?

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా, బి.టెక్ ముగించబోతున్న పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఇదే చర్చ. దేశం సంగతి తరువాత చూద్దాం. డబ్బు ఎప్పుడు, ఏ రూపంలో చూపించాలో ముందు తేల్చుకోండి.

విద్యార్థి వీసాకు కావలసిన ఐ-20 పత్రాన్ని అమెరికా యూనివర్సిటీ ఇవ్వాలంటే మొదటి ఏడాది ఫీజుకూ ఖర్చులకూ సరిపడా సొమ్ము ఉన్నట్టు చూపాలి. మనవాళ్లలో చాలామందికి ఆ సొమ్ము అప్పే. బ్యాంకుల ఉమ్మడి విద్యారుణ పథకంలో రూ.7.5 లక్షలు దాటితే ఆస్తి హామీ అడుగుతారు. సరిహద్దు కుటుంబాలకు చిక్కు వచ్చేది అక్కడే. ఇల్లు పర్లాకిమిడిలో, పొలం ఆంధ్రలోని పాతపట్నం వైపు. ఇంటి పట్టా ఒడియాలో, పొలం పాసుపుస్తకం తెలుగులో. పైగా తాతగారి పేరు మీదే ఉండిపోయిన వాటా ఒకటి. బ్యాంకు న్యాయవాది ఇవన్నీ చూసి సరేననేసరికి నెలలు గడుస్తాయి. రాయగడ, కొరాపుట్ జిల్లాలు షెడ్యూల్డ్ ప్రాంతాలు కనుక అక్కడి భూమినైతే మరింత తరచి చూస్తారు. చదివినంత కాలం, ఆపై మరో ఏడాది వాయిదా కట్టనక్కరలేదని సంబరపడతాం కానీ వడ్డీ అప్పుడూ పెరుగుతూనే ఉంటుంది.

జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీలకు సెమిస్టరు రుసుము తప్ప ట్యూషన్ ఫీజు లేదు. అలాగని అంతా ఉచితమన్న ఏజెంటు మాట నమ్మకండి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మనలాంటివారి దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటుంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఫీజు పెట్టింది. వీసాకు ముందే బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు, అంటే దాదాపు పన్నెండు లక్షల రూపాయలు వేయాలి. అది ఒక్కసారిగా పోగుచేయడం కష్టమే. కానీ అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున మన పిల్లవాడి చేతికే తిరిగి వస్తుంది.

వీసా పనికి దారులూ వేరు. అమెరికాకైతే ఒడిశా వారు హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు, అది మనకు కలిసొచ్చిన సంగతే. జర్మనీకైతే కోల్‌కతా. 2022 నవంబరు నుంచి జర్మనీకి, మన చదువు పత్రాలు సరైనవేనని తనిఖీ చేసి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం కూడా తప్పనిసరి. సర్టిఫికెట్లలో పేర్ల తేడాలు ఇలాంటి తనిఖీలోనే బయటపడతాయి. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒట్టి పొడి అక్షరం, ఆధార్‌లో చివర పూర్తిగా, కాలేజీ మార్కుల జాబితాలో అసలు లేదు. తండ్రి పేరులోని 'రావు' ఇంకోచోట ఇంటిపేరై కూర్చుంటుంది. పాస్‌పోర్టుకు ముందే ఇవన్నీ ఒక దారికి తేవాలి.

చదువయ్యాక జీతం అమెరికాలోనే ఎక్కువ, కాదనను. చదువు తర్వాత పనిచేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి కింద ఏడాది, సైన్సు, ఇంజినీరింగ్ వారికి మరో 24 నెలలు పనిచేయవచ్చు. ఆ తర్వాత హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీ. అందులో పేరు వస్తుందో రాదో తెలియకముందే డాలర్లలో జీతం లెక్కలు వేసుకోవడం, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. జర్మనీ ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తుంది. అయితే పాఠాలు ఇంగ్లీషులో ఉన్నా, ఉద్యోగం అడగాలంటే జర్మన్ రావాలి. బరంపురంలో ఉండి ఆన్‌లైన్‌లో నేర్చుకోవచ్చు. ఏడాది ముందే మొదలుపెట్టే ఓపిక లేకపోతే జర్మనీ ఊసెత్తవద్దు.

ఇక్కడే ఉండిపోయే దారిని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. ఎం.టెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో మంచి ర్యాంకుతో ఎన్ఐటీ రూర్కెలాలోనో, ఐఐటీ భువనేశ్వర్‌లోనో ఎం.టెక్ చేరితే నెలకు రూ.12,400 స్టైపెండ్ వస్తుంది, ఇల్లు తాకట్టు పెట్టే పని లేదు.

ఉన్నది ఒక్క ఇల్లే అయితే నా ఓటు జర్మనీకి. ఇల్లు కాక వేరే ఆస్తి ఉన్నా, యూనివర్సిటీయే అసిస్టెంట్‌షిప్ (బోధనలోనో పరిశోధనలోనో సాయపడితే డబ్బిచ్చే పని) ఇచ్చినా అమెరికాకు నిక్షేపంగా వెళ్లవచ్చు. ఏ దేశమైనా, చివరి సెమిస్టరు మార్కులు వచ్చాక మొదలుపెడదామనుకుంటే ఆ ఏడాది ప్రవేశాలు చేజారినట్టే.