అద్దాల అడుగున ఆరు రంధ్రాలు

విశాఖపట్నంలో మా చేనేత చీరల దుకాణం ముందు అల్యూమినియం ఫ్రేములో అద్దాలు బిగించి తొమ్మిదేళ్లు దాటింది. అద్దం మందం, చదరపు అడుగు ధర, ఫ్రేము రంగు వంటివి బిగించేవాళ్లు ఎవరైనా చెబుతారు. నేను రాయాలనుకున్నది ఫ్రేము అడుగు సెక్షన్‌కు, అంటే అడుగున అడ్డంగా ఉండే డొల్ల అల్యూమినియం పట్టీకి, వీధి వైపు కొట్టిన ఆరు చిన్న రంధ్రాల గురించి. ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంత. వాటి మీద నాకున్నంత గౌరవం ఈ దుకాణంలో మరే వస్తువు మీదా లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా పాత చెక్క ఫ్రేమును అద్దాలతో సహా పెరికేసింది. ఆ భయంతో 2016లో కొత్తవి పెట్టించేటప్పుడు నా దృష్టంతా గాలి మీదే ఉంది. పన్నెండు మిల్లీమీటర్ల టఫెన్డ్ అద్దం (బట్టీలో వేడిచేసి గట్టిపరచినది) కావాలని, సెక్షన్లు దళసరివి వేయాలని పట్టుబట్టాను. తలుపు అద్దానికి తాళం రంధ్రం అంగుళం పక్కకు వస్తే మొత్తం అద్దం మళ్లీ తెప్పించాం. టఫెన్డ్ అద్దాన్ని బట్టీ నుంచి వచ్చాక కోయడం, తొలచడం కుదరదు. ఇన్ని చూసుకున్నాను కానీ నీటి గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.

ఐదేళ్లు ఏ ఇబ్బందీ లేదు. 2021 సెప్టెంబరులో దసరాకు ముందు దుకాణం శుభ్రం చేయిస్తుంటే ఆ రంధ్రాల్లోంచి చీమలు బారులు తీరి లోపలికి వస్తున్నాయి. రంగులు వేయడానికి వచ్చిన మనిషిని మూసేయమన్నాను. అతను సందులు పూడ్చే తెల్ల సిలికాన్ జిగురుతో ఆరింటినీ నున్నగా పూడ్చి, తడి గుడ్డతో తుడిచి వెళ్లాడు. చూడటానికి ఎంతో చక్కగా ఉంది.

సెప్టెంబరు 26, ఆదివారం. ఆ రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మా ఊళ్లో కుండపోత. మాది పడమటి ముఖం, జల్లు నేరుగా అద్దాలను కొట్టింది. సోమవారం పొద్దున షట్టర్ ఎత్తి చూస్తే అద్దాల వెనుక చీరలు పరిచే చెక్క అరుగు ఉబ్బి ఉంది. దాని మీద పేర్చిన పొందూరు ఖద్దరు తానులు అడుగు నుంచి సగం దాకా నీళ్లు పీల్చుకున్నాయి. పైన ముట్టుకుంటే పొడిగా ఉన్నాయి, ఎత్తబోతే బరువుగా జారాయి. గంజి మరకలు అలల్లా అచ్చుపడ్డాయి. ఉప్పాడ చీరలు పై అరలో ఉండబట్టి మిగిలాయి.

బిగించిన సంస్థ ఒక కుర్రవాణ్ని పంపింది. పాత సిలికాన్ చచ్చిపోయిందని చెప్పి, అద్దం చుట్టూ లోపలా బయటా కొత్తది పట్టించాడు. దుకాణమంతా వెనిగర్ వాసన. ఆ వాసన వచ్చే రకం లోహానికి మంచిది కాదని తరువాత తెలిసింది. దీపావళి తరువాతి వానకు నీళ్లు మళ్లీ వచ్చాయి, ఈసారి ఇంకా ఎక్కువ. డబ్బు పోయినందుకు కాదు, అడుగు సెక్షన్ వైపు ఒక్కసారి వంగి చూడనందుకు నాకు ఆ సంస్థ మీద ఇప్పటికీ కోపమే.

చివరకు మా వీధిలో కిటికీలు చేసే పెద్దాయనను పిలిచాను. ఆయన అద్దం వైపు చూడలేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని ఫ్రేము అడుగున వేలితో తడుముకుంటూ వెళ్లి, ఒక చోట ఆగి, "ఇవి ఎవరు మూశారమ్మా?" అన్నారు. చెప్పాను. "లోపలికి దిగిన నీళ్లు ఎటు పోవాలి మరి?" అని బ్లేడుతో మొదటి రంధ్రం కోశారు. నల్లటి నీరు ఎగజిమ్మినట్టు వచ్చింది. దాంతో ఇసుక, చీమల పుట్టమన్ను, ఒక రబ్బరు ముక్క. ఆరూ తెరిచేసరికి గట్టు ముందు చిన్న మడుగు కట్టింది.

అప్పుడు ఆయన చెప్పింది ఇది. అద్దానికీ ఫ్రేముకూ మధ్య రబ్బరు ఎంత బిగుతుగా ఉన్నా గాలివానలో కొంత నీరు దిగుతూనే ఉంటుంది. అది అడుగున ఉన్న డొల్ల సెక్షన్లో చేరి, ఈ రంధ్రాల గుండా వీధిలోకి పోయేలా చేస్తారు. దారి మూస్తే సెక్షన్ నిండి లోపలి వైపు పొర్లుతుంది. సిలికాన్ పట్టించాల్సింది సెక్షన్ రెండు కొసల్లో, గోడకు ఆనేచోట. చీమల కోసం రంధ్రాలకు లోపలి నుంచి సన్నని జాలీ ముక్కలు పెట్టి ఇచ్చారు. ఆ తరువాత ఏ వానకూ చుక్క నీరు లోపలికి రాలేదు.

మొదటి రెండేళ్లు ఈ ఫ్రేమును అడిగినవారికీ అడగనివారికీ పొగిడాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఫ్రేము మీది రంగు పూత, పౌడర్ కోటింగ్, ముఖం మీద బాగానే ఉంది కానీ బిగించిన మరమేకుల చుట్టూ బుడగలు లేచి తెల్లటి పొడి రాలుతోంది. కొన్నిచోట్ల మామూలు ఇనుప మరలు వాడారు. ఉప్పు గాలిలో ఇనుము తాకినచోట అల్యూమినియమే ముందు తినుకుపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలువి మార్పించినా ఆ మచ్చలు పోలేదు. మందం అద్దం తలుపు అరవై కిలోల దాకా తూగుతుంది. తలుపు దానంతట అదే మూసుకునేలా నేలలో అమర్చే ఫ్లోర్ స్ప్రింగ్ పెట్టెలోకి ఆ తుపాను నీరే చేరి నూనె కారి, కొత్తది వేయించాం. ఎండాకాలం మధ్యాహ్నాలు చీరల రంగు వెలిసిపోకుండా తెరలు దించుతాను, కాబట్టి చూపించడానికి పెట్టుకున్న అద్దం సగం రోజు మూసే ఉంటుంది.

మళ్లీ పెట్టించుకోవాల్సి వస్తే అల్యూమినియమే పెట్టిస్తాను. అయితే మాది సముద్రానికి దగ్గర, పడమటి ముఖం, పైన చజ్జా అడుగున్నర మాత్రమే. వరంగల్‌లోనో కర్నూలులోనో లోతైన వరండా వెనుక దుకాణం ఉన్నవారికి నా బాధల్లో సగం ఉండకపోవచ్చు. నేనైతే అడుగు సెక్షన్‌ను నాలుగంగుళాల గట్టు మీద ఎక్కిస్తాను. రోడ్డు రెండుసార్లు వేశాక మా రంధ్రాలు ఇప్పుడు నేలకు బెత్తెడు ఎత్తులోనే ఉన్నాయి.

ఏటా జూన్ మొదటి వారంలో తలుపు పక్క రబ్బరు కొద్దిగా ఎత్తి మగ్గుతో నీళ్లు పోసి, బయటకు వెళ్లి ధారలు లెక్కపెడతాను. ఈ ఏడు ఐదే వచ్చాయి. ఆరోదానిలో చీపురుపుల్ల పెట్టి తిప్పితే జాలీకి అంటుకున్న నూలు పోగు ఊడివచ్చింది, దాని వెనుకే నీళ్లు.