పోత ఇనుము పొంగనాల పెనం: అంతా బాగానే ఉంది, ఆ నడి గుంతలు తప్ప

పన్నెండు గుంతలని చెప్పి అమ్ముతారు గానీ వాడకంలో అవి తొమ్మిదే. నడిమి మూడూ కుంపట్లు. ఏళ్ళ తరబడి వాడాక కూడా ఈ పెనం మీద నాకున్న ఫిర్యాదంతా ఆ మూడింటి మీదే. బరువెక్కువ, తడి ఉంటే తుప్పు పడుతుంది లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

జరిగేది ఇలా ఉంటుంది. పిండి పోసి మూత పెట్టి రెండు నిమిషాలకు తీసి చూస్తే, అంచు తొమ్మిదీ ఇంకా తెల్లగా, పక్కలు కదలకుండా కూర్చుని ఉంటాయి. నడిమివి మాత్రం పైన జారుడు పిండితో, కింద నల్లటి చిప్పతో ఉంటాయి. తిప్పితే పచ్చిపిండి కారుతుంది. తిప్పకుండా ఆగితే మాడు వాసన వాయి మొత్తానికీ పడుతుంది.

తప్పు పిండిది కాదు. పోత ఇనుము వేడిని పట్టి ఉంచుతుందే గానీ పక్కకు తొందరగా పంచదు. అల్యూమినియంలో వేడి పాకినంత బాగా దీంట్లో పాకదు, మూడో వంతు కూడా ఉండదు. పెనమేమో దాదాపు తొమ్మిది అంగుళాల వెడల్పు, ఇంటి గ్యాస్ బర్నర్ మంటేమో అరచేయంత. పైగా గుంతలు కిందికి దిగి ఉంటాయి కాబట్టి నడిమివి మంటకు ఇంకా దగ్గర. అంచు గుంతలకు ఇనుములోంచి పాకి వచ్చే వేడే దిక్కు. మంట తగ్గిస్తే సరిపోతుందని చాలామంది సిమ్‌లో పెడతారు. సిమ్‌లో మంట వలయం ఇంకా కుంచించుకుపోయి సరిగ్గా నడి గుంతల కిందికే చేరుతుంది. మాడడం ఆలస్యమవుతుంది, అంతే, ఆగదు.

కర్నూలు, అనంతపురం, కడప వైపు బండ్ల మీద పొంగనాలు పోసేవాళ్ళవీ ఇలాంటి ఇనుప పెనాలే, ఇంకా పెద్దవి. వాళ్ళకెందుకు మాడవంటే, కింద కట్టెల పొయ్యో పెద్ద బర్నరో పెనం వెడల్పంతా మంట పరుస్తుంది. ఒక వాయి వెనక ఒక వాయి పడుతూనే ఉంటుంది కాబట్టి ఇనుము అంతటా సమంగా కాగి ఉంటుంది. చెయ్యి కూడా ఆగదు, ఏ చివర నుంచి పోశారో ఆ చివర నుంచే తిప్పుకుంటూ వస్తారు. ఇంట్లో వాడేది రెండు వాయిలకు. పెనం సరిగ్గా కాగేసరికి పిండి అయిపోతుంది.

ఇది ఒక్క వాయి మాడటంతో పోయే సంగతైతే ఇంత రాయక్కర్లేదు. అసలు నష్టం తరవాత మొదలైంది. సీజనింగ్ అంటే నూనె వేడికి గట్టిపడి ఇనుముకు పట్టుకున్న పలచటి పొర. ఆ పొరకూ ఓ హద్దుంది. హద్దు దాటి కాలితే అది బూడిదై పోతుంది. అంచు గుంతలు కాగాలని పెనం ఖాళీగా మంట మీద పెట్టినప్పుడల్లా నడి గుంతలు ఆ హద్దు దాటుతున్నాయి. కొన్నాళ్ళకు వాటి అడుగున బూడిద రంగు మచ్చ తేలింది. అక్కడ పొంగనం అంటుకుపోవడం మొదలైంది. అంటుకున్నదాన్ని చెంచాతో గీకితే ఇంకొంచెం పొర లేచింది. లేచినచోట మరుసటిసారి ఇంకా గట్టిగా అంటుకుంది. అదే పెనంలో అంచు గుంతలు మాత్రం అద్దంలా తయారై, పుల్ల తగిలిస్తే చాలు పొంగనం గిర్రున తిరిగేది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. నల్లగా కనిపించిందల్లా సీజనింగ్ కాదు. గోటితో గీకితే పొడిగా రాలిందంటే, తెల్లగుడ్డతో తుడిస్తే మసి అంటిందంటే అది మాడిన పిండే. అసలు పొర నున్నగా ఉంటుంది, గుడ్డకు ఏమీ అంటదు. మాడిన పిండి మీదే నూనె రాసి కాల్చుకుంటూ పోతే, అది పెచ్చుపెచ్చుగా ఊడి పొంగనానికి అంటుకుని వస్తుంది.

బాగుచేయడం కష్టం కాదు, ఓపిక కావాలి. గుంతల్లో నీళ్ళు పోసి అయిదు నిమిషాలు మరిగించి, చల్లారాక కొబ్బరి పీచుతో తోమాలి. వేడి పెనం మీద చన్నీళ్ళు పొయ్యొద్దు, పోత ఇనుము చిట్లుతుంది. ఇంకా వదలకపోతే కల్లుప్పు, కాస్త నూనె వేసి గుడ్డతో రుద్దితే వస్తుంది. కడిగి, స్టవ్ మీద తడి పూర్తిగా ఆరనిచ్చి, గుంతకో చుక్క నూనె రాసి మళ్ళీ పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. రాశామా లేదా అన్నట్టుండాలి. ఎక్కువైతే గట్టిపడదు, జిగురు జిగురుగా మిగిలిపోతుంది. పొగ వచ్చి ఆగేదాకా కాల్చి, చల్లార్చి, మళ్ళీ అదే పని నాలుగైదుసార్లు. చిన్న బర్నర్ మంటంతా నడుమకే తగులుతుంది కాబట్టి ఈ ఒక్క పనికి మాత్రం ఆ లోపం కలిసొచ్చింది.

మళ్ళీ పాడవకుండా ఆపింది మాత్రం కింద పెట్టిన పాత దోశ పెనం. పూతలేమీ లేని, చదునైన ఇనుప పెనం అయితే చాలు, పొంగనాల పెనం కంటే కాస్త వెడల్పుండాలి. దాన్ని పెద్ద బర్నర్ మీద పెట్టి, దాని మీద పొంగనాల పెనం పెట్టాలి. మంట ముందు దోశ పెనాన్ని తాకి పరుచుకుంటుంది, గుంతలన్నీ అక్కడి నుంచి వేడి అందుకుంటాయి. మధ్యస్థం మంట మీద పది పన్నెండు నిమిషాలు కాగాలి. మామూలుగా అయిదారు నిమిషాలకే కాగే పెనం ఇది, గ్యాస్ ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది. కింద నాన్‌స్టిక్ పెనం పెట్టొద్దు. 260 డిగ్రీలు దాటితే ఆ పూత చెడిపోవడం మొదలవుతుంది, ఖాళీ పెనం ఆ వేడికి చేరడం ఎంతోసేపు కాదు.

ఇంత చేసినా తేడా పూర్తిగా పోదు. మిగిలినదాన్ని పోసే వరసతో సర్దుకోవాలి. నూనె ముందు అంచు గుంతల్లోనే, అర టీస్పూను చొప్పున. చుక్క పిండి వేసి చూస్తే సుయ్యిమని పొంగాలి. చప్పుడు లేకుండా కూర్చుంటే ఇంకా కాగలేదు, పడగానే ఎర్రబడితే మంట ఎక్కువైంది. అంచు తొమ్మిదీ ముప్పావు వంతు నింపాక అప్పుడు నడిమివాటికి నూనె, ఆ వెంటనే పిండి. ముందే నూనె పోసి ఉంచితే పొగలొస్తాయి. తిప్పేటప్పుడు వరస తిరగబడుతుంది: నడిమివి ముందు, అంచువి తరవాత. ఒకేసారి బోర్లా తిప్పకుండా ముందు పావు వంతు ఒరిగిస్తే, పైనున్న పచ్చిపిండి గుంతలోకి జారి పొంగనం గుండ్రంగా వస్తుంది. పక్కలు వాటంతట అవే గుంతను వదిలితేనే తిప్పాలి, పొడవాల్సి వచ్చిందంటే ఇంకా కాలేదన్నమాట. నడిమి మూడూ అవగానే తీసేసి, అంచున వెనకబడ్డ మూడింటిని ఆ గుంతల్లోకి మార్చెయ్యాలి. ఆఖరి నిమిషం స్టవ్ ఆపినా ఇనుములో ఉన్న వేడికే కాలుతుంది.

పిండి వల్ల కూడా నడి గుంతల గోల పెరుగుతుంది, తగ్గుతుంది. మూడు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు మినపప్పు, టీస్పూను మెంతులు, గుప్పెడు అటుకులతో రుబ్బిన దోశపిండి బాగానే పనిచేస్తుంది. దోశకన్నా కాస్త గట్టిగా, ఇడ్లీకన్నా కాస్త జారుగా ఉండాలి. వాయికి పావు లీటరు పైచిలుకు పడుతుంది. పిండి పులిసిందని సోడా వేస్తే రంగు త్వరగా వస్తుంది, అంటే నడిమివి ఇంకా త్వరగా నల్లబడతాయి. అర లీటరుకు చిటికెడు మించొద్దు. చక్కెర వేసే అలవాటున్నవాళ్ళు ఈ పెనంలో మానుకుంటే మేలు. ఉల్లిపాయ ముక్కలు పెద్దవైతే అడుగుకు చేరి అక్కడే మాడతాయి, వాటి మాడు వల్లే సీజనింగ్ పొర ముందు పాడవుతుంది. సన్నగా తరిగి, పోసే ముందు కలపాలి. ముందే కలిపి పెడితే నీరు వదిలి పిండి జారవుతుంది. నానబెట్టిన శనగపప్పు వేసుకోవచ్చు గానీ అరగంటైనా నానాలి. నానని పప్పు ఇనుము వేడికి రాయిలా బిగుస్తుంది.

ఇంత గొణుగుతూ ఈ పెనమే ఎందుకు వాడుతున్నానంటే, పైచిప్ప కోసం. నాన్‌స్టిక్‌లో వచ్చే పొంగనం అన్నివైపులా ఒకే లేత రంగులో, తోలు పలచగా, ఇడ్లీకి దగ్గరగా ఉంటుంది. ఇనుములో వచ్చినదానికి కరకరలాడే గట్టి చిప్ప, లోపల దూదిలాంటి మెత్తదనం. పల్లీ చట్నీలో ముంచినా చిప్ప వెంటనే మెత్తబడదు. బండి మీద తిన్న రుచికి ఇంట్లో దగ్గరగా వచ్చేది దీంట్లోనే. అయితే ఈ పొగడ్త రెండో వాయి నుంచే వర్తిస్తుంది. మొదటి వాయి ఎంత కాచినా కాస్త లేతగానే వస్తుంది, అందుకే దాన్ని పిల్లలకు పెడతాం. ఇంకోటి, ఆ కరకర పళ్ళెంలోకి తీశాక పది నిమిషాలే. గిన్నెలో పోసి మూత పెడితే ఆవిరికి నాన్‌స్టిక్‌ది, ఇనుముది ఒకటే అయిపోతుంది. డబ్బాలో పెట్టి ఆఫీసుకు పంపడానికైతే ఇంత శ్రమ దండగ.

నాన్‌స్టిక్ పెనం ఇంట్లో ఇంకా ఉంది, దాన్ని పారెయ్యలేదు. అది అల్యూమినియంది, వేడిని సమంగా పంచుతుంది కాబట్టి అందులో నడుమకూ అంచుకూ తేడా పెద్దగా తెలియదు. ఒకరిద్దరికి సాయంత్రం పూట తొందరగా పోసుకోవాలంటే చెయ్యి దాని మీదికే పోతుంది. ఇనుముది నలుగురు కూర్చుని వేడివేడిగా తినే రోజున.

కొనేవాళ్ళు పెనాన్ని బోర్లించి చూడాలి. గుంతల అడుగులన్నీ ఒకే మట్టంలో లేకపోతే స్టవ్ మీద ఊగుతుంది, కింద దోశ పెనం పెట్టే ఉపాయం కూడా సగమే పనిచేస్తుంది. గుంత లోపల వేలు పెట్టి తిప్పి చూడాలి. గరుకు తగిలితే పొర కుదరడానికి చాలా రోజులు పడుతుంది. ఇండక్షన్ స్టవ్ అయితే అడుగు చదునుగా ఉన్న రకం తప్ప వద్దు. గుంతల అడుగులే గాజుకు తగులుతాయి, కొన్ని స్టవ్‌లు పెనాన్ని అసలు గుర్తించవు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకు కూడా చెప్పను, వేడి పెనాన్ని పిడి పట్టి పక్కకు దించడం తేలిక కాదు.

మామూలు ఇంటి బర్నర్‌కు ఏడు గుంతల పెనం నయం అనిపిస్తుంది. నడుమ ఒక్కటే గుంత, వెడల్పు తక్కువ, అంచుకు మంట కొంతైనా అందుతుంది. మా ఇంట్లో తినేవాళ్ళు ఎక్కువ కాబట్టి పన్నెండుది నడుస్తోంది. మళ్ళీ కొనాల్సి వస్తే ఏడుదే కొంటానేమో, వాయిలు ఎక్కువైనా పర్లేదనుకుంటే.