జపాన్ పర్యటనకు ఏది మేలు: దేశమంతటి జేఆర్ పాసా, విడి టికెట్లా, ప్రాంతీయ పాసా?

జపాన్‌కు సొంతంగా ప్లాన్ వేసుకునేవాళ్లలో చాలామంది టూరు ఖరారు కాకముందే జేఆర్ పాస్ (జపాన్ రైల్వేస్ రైళ్లలో నిర్ణీత రోజులు తిరిగేందుకు ఇచ్చే పాస్) కొనేస్తారు. "ఒక్క పాస్ ఉంటే దేశమంతా తిరగొచ్చు" అన్న సలహా ఒకప్పుడు బంగారం లాంటిదే. 2023 సెప్టెంబరు దాకా 7 రోజుల పాస్ 29,650 యెన్లు, అంటే టోక్యో నుంచి క్యోటోకు బుల్లెట్ రైల్లో రానూపోనూ ఛార్జీకి కాస్త ఎక్కువ. ఆ ఏడాది అక్టోబరు 1న అది 50,000 అయింది. 14 రోజులది 80,000, 21 రోజులది 100,000. పాత లెక్కలతో రాసిన సలహాలు మాత్రం నెట్‌లో అలాగే తిరుగుతున్నాయి.

కాబట్టి ముందు దారి గీసుకోవాలి, తర్వాతే పాస్ సంగతి. మనవాళ్లు ఎక్కువగా ఎంచుకునే 10 రాత్రుల దారినే తీసుకుందాం: టోక్యోలో 4, క్యోటోలో 3, హిరోషిమాలో 1, ఒసాకాలో 2 రాత్రులు. మధ్యలో మియాజిమా దీవి, నారా చూడటం కూడా ఉన్నాయి. కింద ఇచ్చిన ఛార్జీలు మామూలు సీజన్లో పెద్దవాళ్లకు రిజర్వుడు సీటువి. సీజన్‌ను బట్టి 200 యెన్లు తగ్గొచ్చు, 400 దాకా పెరగొచ్చు. మనసులో లెక్కకు వంద యెన్లంటే ఇంచుమించు 60 రూపాయలు అనుకోండి.

మొదటి ప్రశ్న విమానానిది

పాస్ కంటే ముందు తేల్చాల్సింది ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కుతారన్నది. హైదరాబాద్ నుంచి టోక్యోకు సింగపూర్, బ్యాంకాక్, కౌలాలంపూర్ లాంటి చోట్ల మారి వెళ్తాం కదా. ఆ ఊళ్ల నుంచి ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయానికీ విమానాలున్నాయి. టోక్యోలో దిగి కన్సాయ్‌లో ఎక్కితే, ఒసాకా నుంచి టోక్యోకు వెనక్కి వచ్చే ప్రయాణం తప్పుతుంది. ఆ ఒక్క ప్రయాణానికే నోజోమి అనే అతి వేగపు బుల్లెట్ రైల్లో 14,720 యెన్లు, రెండున్నర గంటలు పడతాయి. పైగా టోక్యోలో చివరి రాత్రికి మరో హోటల్ గది.

టికెట్ వెతికేటప్పుడు రెండు వన్‌వేలుగా కాకుండా "మల్టీ సిటీ" అని ఎంచుకుని ఒకే టికెట్‌గా చూడండి. విడివిడి వన్‌వేలు చాలాసార్లు కలిపి కొన్నదానికంటే బాగా ఎక్కువవుతాయి. తలకు 8,500 రూపాయల దాకా ఎక్కువైనా మల్టీ సిటీ వల్ల నష్టం లేదు, రైలు ఛార్జీ రూపంలో ఆ డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. అంతకంటే తేడా ఉంటేనే రానూపోనూ టికెట్ గురించి ఆలోచించాలి.

మూడు దారుల లెక్క

కన్సాయ్ నుంచే వెనక్కి వచ్చేటట్టయితే, విడి టికెట్లకు ఇలా అవుతుంది. టోక్యో–క్యోటో నోజోమి 14,170. క్యోటో–హిరోషిమా సుమారు 12,000. హిరోషిమా–షిన్ ఒసాకా (ఒసాకాలో బుల్లెట్ రైళ్లు ఆగే స్టేషన్) సుమారు 11,000. మియాజిమాకు లోకల్ రైలూ పడవా రానూపోనూ 1,240. ఒసాకా నుంచి నారా వెళ్లిరావడానికి 1,600, విమానాశ్రయానికి 1,200 చొప్పున వేసుకోండి. మొత్తం 41,000 యెన్ల చిల్లర. అన్నీ విడిగా కొన్నా దేశమంతటి పాస్ కంటే 9,000 తక్కువే.

ఇప్పుడు ప్రాంతీయ పాస్. పశ్చిమ జపాన్‌లో రైళ్లు నడిపే జేఆర్ వెస్ట్ కంపెనీ ఇచ్చే కన్సాయ్–హిరోషిమా ఏరియా పాస్ వరసగా 5 రోజులకు 17,000 యెన్లు. షిన్ ఒసాకా నుంచి హిరోషిమా దాకా బుల్లెట్ రైళ్లు (నోజోమి సహా), జేఆర్ మియాజిమా పడవ, నారాకు జేఆర్ రైళ్లు, కన్సాయ్ విమానాశ్రయానికి హరుకా రైలు అన్నీ ఇందులో వస్తాయి. పై లెక్కలో క్యోటో తర్వాతి ఖర్చు 27,000 దాకా ఉందిగా, దాని స్థానంలో 17,000. టోక్యో–క్యోటోకు మాత్రం విడి టికెట్ తీసుకోవాలి. కలిపితే 31,170.

టోక్యోకు వెనక్కి రావాల్సిందే అనుకున్నా ఈ కలగలుపే గెలుస్తుంది. మొత్తానికి 14,720 కలిపినా 46,000 లోపే. అన్నీ విడి టికెట్లయితే 54,000 దాటుతుంది, అక్కడ మాత్రం 50,000 పాస్ కాస్త చవక. కానీ ఆ చవకతనానికి రెండు మెలికలున్నాయి.

ఒకటి, దేశమంతటి పాస్‌తో నోజోమి, మిజుహో రైళ్లు ఊరికే ఎక్కనివ్వరు. అదనంగా కట్టాలి, టోక్యో–క్యోటోకు 4,960 యెన్లు. కట్టకపోతే కాస్త నెమ్మదైన హికారి బుల్లెట్ రైలు ఎక్కాలి. క్యోటోకు నోజోమి 2 గంటల 15 నిమిషాల్లో చేరుస్తుంది, హికారికి 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. ఆ 25 నిమిషాలు పెద్ద విషయం కాదు. ఇబ్బందల్లా రైళ్ల సంఖ్యతో. నోజోమి పది నిమిషాలకొకటి తగులుతుంది, హికారి గంటకు రెండే. హిరోషిమా వైపు వెళ్లేటప్పుడు మధ్యలో రైలు మారాలి కూడా.

రెండు, పాస్ రోజులు క్యాలెండర్ రోజులు. సాయంత్రం 6కు మొదలుపెట్టినా ఆ రోజు పోయినట్టే. మన దారిలో క్యోటోకు బయల్దేరిన రోజు నుంచి టోక్యోకు తిరిగొచ్చే రోజు దాకా సరిగ్గా 7 రోజులు. క్యోటో నచ్చి ఒక్క రాత్రి ఎక్కువ ఉన్నారా, చివరి ప్రయాణం పాస్‌లోంచి జారిపోతుంది. ఇంకా ఎక్కువగా జరిగే పొరపాటు విమానాశ్రయంలో దిగీ దిగగానే పాస్ మొదలుపెట్టేయడం. తర్వాత టోక్యోలోనే నాలుగు రోజులుంటారు, ఎక్కేది చాలావరకు మెట్రో. పాస్ మెట్రోలో చెల్లదు.

ప్రాంతీయ పాస్‌తో దెబ్బతినే చోటు

క్యోటో నుంచి షిన్ ఒసాకా దాకా ఉన్న బుల్లెట్ రైలు మార్గం జేఆర్ సెంట్రల్ అనే వేరే కంపెనీది. జేఆర్ వెస్ట్ పాస్ అక్కడ చెల్లదు. ఇది తెలియక క్యోటోలోనే హిరోషిమా రైలెక్కితే, ఆ ముక్కకు డబ్బు కట్టించుకుంటారు. అందుకే క్యోటో నుంచి షిన్ ఒసాకా దాకా మామూలు జేఆర్ స్పెషల్ ర్యాపిడ్‌లో వెళ్లాలి. అదీ పాస్‌లోనే వస్తుంది, 25 నిమిషాలు. అక్కడ బుల్లెట్ రైలు ఎక్కితే హిరోషిమా గంటన్నర లోపే.

పాస్‌ను క్యోటో వదిలే రోజున మొదలుపెట్టాలి. మొదటి రోజు హిరోషిమా, మధ్యాహ్నం నుంచి మియాజిమా. రెండో రోజు ఉదయం శాంతి స్మారక ఉద్యానం చూసుకుని వచ్చేటప్పుడు హిమేజీలో దిగి కోట చూడొచ్చు, పాస్ ఉంటే మధ్యలో దిగినందుకు అదనపు టికెట్ ఉండదు. మూడో రోజు నారా. నాలుగో రోజు విమానాశ్రయం. ఐదో రోజు మిగులుతుంది, కాబట్టి ఒసాకాలో ఇంకో రాత్రి పెంచుకున్నా పాస్ సరిపోతుంది. మియాజిమాలో 100 యెన్ల సందర్శకుల పన్ను మాత్రం పాస్‌లో రాదు.

క్యోటోలో ఉన్న మూడు రోజులకు ఏ పాసూ అక్కర్లేదు. ఫుషిమి ఇనారికీ అరాషియామాకూ జేఆర్ ఛార్జీలు రెండు మూడు వందల యెన్ల లోపే, మిగతావి బస్సులూ ప్రైవేటు రైళ్లూ. ముందే డబ్బు వేసుకుని వాడే సుయికా లాంటి ఐసీ కార్డు ఒకటి చాలు. అందులో డబ్బు వేయడానికి స్టేషన్ యంత్రాలు చాలావరకు నగదే అడుగుతాయి, నోట్లు దగ్గరుంచుకోండి.

మరి దేశమంతటి పాస్ ఎవరికి?

వారంలో పొడవైన ప్రయాణాలు మూడు నాలుగు చేసేవాళ్లకు. టోక్యో నుంచి క్యూషూ ద్వీపంలోని హకాటాకు రానూపోనూ ఛార్జీ ఒక్కటే దాదాపు 47,000 యెన్లు. అటునుంచి కగోషిమా దాకా వెళ్లొచ్చినా, దారిలో హిరోషిమాలో దిగినా పాస్ లాభమే. కానీ హకాటా దాకానే వెళ్లేవాళ్లు ముందు ఫుకువోకాకు (హకాటా ఉన్న నగరమే అది) విమానం ధర చూడండి.

ఇంకో మాట. ఈ పాస్ తాత్కాలిక సందర్శకులుగా దేశంలోకి వచ్చిన విదేశీయుల కోసం. జపాన్‌లో ఉద్యోగం చేసే మన అబ్బాయిలూ అమ్మాయిలూ కొనలేరు. వాళ్లను చూడటానికి స్వల్పకాల వీసాపై వచ్చే అమ్మానాన్నలు కొనొచ్చు. అంతా కలిసి తిరిగేటప్పుడు పెద్దవాళ్లు పాస్‌తో హికారి, పిల్లలు టికెట్‌తో నోజోమి ఎక్కి విడిపోవడం కంటే అందరికీ విడి టికెట్లే హాయి.

రాత్రి బస్సు నాలుగో దారి. టోక్యో నుంచి ఒసాకాకు 8 గంటల ప్రయాణం, ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది. పాతికేళ్ల వయసులో సరే. పిల్లలతోనో అరవై దాటినవాళ్లతోనో వద్దు, మిగిల్చిన డబ్బు మర్నాటి అలసటలో పోతుంది.

టికెట్లు, సామాను, తిండి

టోక్యో–క్యోటో టికెట్ స్మార్ట్‌ఈఎక్స్ యాప్‌లో ఇక్కడి నుంచే కొనొచ్చు. యాప్‌లో ఏడాది ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు, స్టేషన్లలో అమ్మకం మాత్రం ప్రయాణానికి నెల ముందు మొదలవుతుంది. ముందుగా కొంటే హయాతోకు అనే తగ్గింపు టికెట్లూ దొరుకుతాయి. అంతర్జాతీయ చెల్లింపులు కార్డులో ఆన్ చేసుకోకపోతే చెల్లింపు దగ్గరే ఆగిపోతుంది. టోక్యో నుంచి వెళ్లేటప్పుడు ఇంగ్లిషు E అక్షరం వరసలో కిటికీ సీటు పట్టండి: ఆకాశం తేటగా ఉంటే ముప్పావుగంటలో కుడివైపు ఫుజి కొండ కనిపిస్తుంది.

పెట్టెను ఇంట్లోనే టేపుతో కొలవండి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే బోగీ చివరి వరసలో పెద్ద సామాను చోటున్న సీటు బుక్ చేయాలి. దానికి అదనపు ఛార్జీ లేదు, కానీ బుక్ చేయకుండా ఎక్కితే 1,000 యెన్లు వసూలు చేస్తారు. 250 దాటితే రైల్లోకే రానివ్వరు. ఎన్నారై బంధువుల కోసం పచ్చళ్లతో నింపే 28 అంగుళాల పెట్టెలు ఆ 160 గీత దగ్గరే ఉంటాయి. ఇంకా తేలిక దారి తక్కుబిన్: టోక్యో హోటల్ కౌంటర్‌లో పెట్టె ఇస్తే సాధారణంగా మర్నాటికి క్యోటో హోటల్‌కు చేరుతుంది, సైజును బట్టి పెట్టెకు 2,000 నుంచి 3,500 యెన్ల మధ్య. ఒక రాత్రికి సరిపడా బట్టలూ మందులూ చేతి సంచిలో ఉంచుకోండి. పాస్‌పోర్టును పెట్టెలో వేయకండి, విదేశీయులు దాన్ని వెంట ఉంచుకోవడం అక్కడ చట్టం.

టోక్యో–ఒసాకా మధ్య నడిచే టోకాయిడో బుల్లెట్ రైళ్ల మామూలు బోగీల్లో తోపుడు బండి అమ్మకాలు 2023 అక్టోబరుతో ఆగిపోయాయి. తిండి ఎక్కేముందే కొనుక్కోవాలి. స్టేషన్ డబ్బా భోజనాల్లో మాంసం కనపడకపోయినా చేప రసం ఉంటుంది, శాకాహారులు పళ్లు, బ్రెడ్డు దగ్గరుంచుకోవడం మేలు.

వీసాకు రోజువారీ ప్రయాణ పట్టిక అడుగుతారు కాబట్టి ఊళ్లు ముందే ఖరారు చేయక తప్పదు. హోటళ్లను ఉచితంగా రద్దు చేసుకునే పద్ధతిలో బుక్ చేసి, వీసా చేతికొచ్చాకే రైలు టికెట్లూ పాసూ కొనండి. ఈ-వీసా అయితే విమానాశ్రయంలో ఫోన్లో నెట్ ఆన్ చేసి చూపాలి, స్క్రీన్‌షాటూ ప్రింటూ ఒప్పుకోరు. వేసవి సెలవులని ఏప్రిల్ చివర్లో బయల్దేరేవాళ్లు గోల్డెన్ వీక్‌లో పడతారు. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా ఉండే ఆ సెలవుల చుట్టూ నోజోమి రైళ్లన్నీ పూర్తిగా రిజర్వుడే. అప్పుడు టోక్యో–క్యోటో సీట్లను వీలైనంత ముందే పట్టుకోండి, లేదా ప్రయాణాన్ని మే రెండో వారానికి జరపండి.