కారం ఎంతో అడిగి వడ్డించే బ్రాడీపేట మెస్సు

గుంటూరులో పుట్టి పెరిగి, కూరలో కారం తక్కువగా ఉండాలని కోరుకునే మనిషికి బయట భోజనం చేయడం తేలిక కాదు. ఆసియాలోకెల్లా పెద్దదని పేరుపడిన మిర్చి యార్డు ఉన్న ఊరు కనుక, ఇక్కడ కారం తినకపోవడాన్ని ఊరి పరువుకు సంబంధించిన విషయంగా చూస్తారు. పెళ్లి పంక్తుల్లో "గుంటూరోడివై ఉండి ఇదేంటిరా?" అన్న మాట ఏళ్ల తరబడి విని, నా నాలుకకు నేనే వకీలునయ్యాను. మిరపకాయ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి ద్వారా మనకు చేరిందని, అంతకు ముందు మన వంటల్లో ఘాటుకు మిరియాలు వాడేవారని చెప్పేవాణ్ణి. మిరపలోని క్యాప్సైసిన్ అనే ఘాటు పదార్థం వేడినీ నొప్పినీ తెలిపే నాడుల్లోని గ్రాహకాన్ని తాకుతుందని, ఆ గ్రాహకాన్ని కనుగొన్న శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ అందుకున్నవారిలో ఒకరని కూడా చెప్పేవాణ్ణి. ఇవన్నీ నిజాలే. అయితే పదిమందీ కాదన్న అభిప్రాయాన్ని ఏళ్లపాటు కాపాడుకుంటూ వచ్చినవాడికి కొన్నాళ్లకు అదే పేరుగా స్థిరపడుతుంది. తనకు ఏది ఇష్టమో తెలుసుకునే లోపే, తాను దేన్ని కాదన్నాడో గుర్తుకొస్తుంది.

బ్రాడీపేటలో నేను తరచుగా వెళ్లే ఈ చిన్న మెస్సు నాకు అంతగా నచ్చడానికి కారణం అక్కడుంది. వడ్డించే పెద్దావిడ "కారం మామూలుగా వెయ్యనా, తగ్గించి వెయ్యనా బాబూ?" అని, ఇంకాస్త అన్నం పెట్టనా అన్నంత సహజంగా అడుగుతారు. తగ్గించమంటే వేరే గిన్నెలోంచి దోసకాయ పప్పు వేస్తారు. కందిపప్పు మరీ మెదిగిపోకుండా, దోసకాయ ముక్క పులుపు విడిగా తెలిసేలా ఉడికిస్తారు. ఇంగువ, వెల్లుల్లి తాలింపు మీద నెయ్యి పడగానే వచ్చే వాసనకు ఆకలి రెట్టింపవుతుంది. పక్కవారెవరూ తిరిగి చూడరు, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. గోంగూర పచ్చడిలో మాత్రం ఎండుమిర్చి దండిగానే పడుతుంది, అందులో తగ్గించిన రకం లేదు. అయినా దాన్ని కలుపుకుని తిన్నాను, ఇష్టంగానే తిన్నాను. పెళ్లి పంక్తిలోనైతే ఆ ముద్ద తింటే ఓడిపోయినట్టు అనిపించి ముట్టేవాణ్ణి కాదు.

సాంబారు పలచన, చోటు ఇరుకు, మధ్యాహ్నం ఆలస్యమైతే పెరుగు పుల్లబడుతుంది. తగ్గించిన పప్పు చిన్న గిన్నెడే వండుతారు కనుక కాస్త ముందుగా వెళ్లడం మంచిది. ఈ మధ్య దాన్ని అడిగేవారు పెరిగారని ఆవిడే చెప్పారు.