ఆక్రోపోరాకు ఫ్లాట్‌వర్మ్ పడితే ఏది మేలు: డిప్పా, ట్యాంకులో మందా, వ్రాస్ చేపా?

"ఆక్రోపోరాను తినే ఫ్లాట్‌వర్మ్ కనబడింది, ఏ మందు వెయ్యాలి?" డాలస్, న్యూజెర్సీ, మెల్‌బోర్న్‌లలో రీఫ్ ట్యాంకులు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలు) పెట్టుకున్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఆక్రోపోరా అంటే కొమ్మలు కొమ్మలుగా పెరిగే గట్టి పగడం, ఫ్లాట్‌వర్మ్ అంటే బల్లపరుపుగా ఉండే పురుగు. ప్రతిసారీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడదామనిపించింది. హైదరాబాద్, విశాఖల నుంచి అడిగేవాళ్లకు ముందే ఒక మాట: రీఫ్ కట్టే గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటిని సేకరించడం, అమ్మడం, కొనడం నేరం. కాబట్టి ఈ రాసేదంతా వాటిని చట్టబద్ధంగా పెంచుకునే వీలున్న దేశాల్లో ఉన్నవాళ్ల కోసం.

నీళ్లలో ఉప్పు, ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తాను. పురుగు సంగతి మాత్రం కొంత చెప్పాలి, ఎందుకంటే ఏ పద్ధతి మేలో అదే తేలుస్తుంది. దీని పేరు ప్రోస్థియోస్టోమమ్ ఆక్రోపోరే. 2011లో శాస్త్రవేత్తలు మొదటిసారి వర్ణించినప్పుడు అమకుసప్లానా ఆక్రోపోరే అన్నారు, తర్వాత ప్రజాతి మారింది. అప్పటికే ఇళ్లలోని ట్యాంకుల్లో ఇది ఏళ్ల తరబడి పగడాలను చంపుతోంది. సముద్రంలో ఉన్నట్టు మొదటిసారి ప్రచురించింది 2012లో, గ్రేట్ బారియర్ రీఫ్‌లోని లిజార్డ్ ఐలాండ్ దగ్గర. అంటే దీన్ని సముద్రంలో చూసినవాళ్లకంటే ముందు ట్యాంకుల వాళ్లే ఎరుగుదురు. పల్చటి ఒళ్లు, దాదాపు పారదర్శకం. పగడం కండ తిన్నప్పుడు అందులోని జూజాంథెల్లే (పగడం కండలో బతికే సూక్ష్మ నాచు) దీని కడుపులోకి చేరి, పురుగు రంగు పగడం రంగులో కలిసిపోతుంది. అందుకే పురుగు కంటే ముందు దాని కాట్లే కనబడతాయి: కొమ్మల మీద గుండ్రటి పాలిపోయిన మచ్చలు, మొదలు దగ్గర రంగు తగ్గడం, పాలిప్‌లు (పగడంలోని చిన్న చిన్న జీవులు) బయటికి రాకపోవడం.

ఇక అసలు విషయం గుడ్లు. పగడం కొమ్మల మొదట్లో, కండ చచ్చి తెల్లటి అస్థి బయటపడ్డ చోట, గోధుమ రంగు చుక్కల్లా దగ్గర దగ్గరగా గుంపుగా పెడుతుంది. ఒక్కో గుడ్డు తొడుగులో ఒకటికి మించి పిల్లలుంటాయి. ఆ తొడుగులోకి మనం వాడే మందులేవీ పనికొచ్చేంతగా దిగవు. తలలో పేలు పడ్డప్పుడు ఎన్ని పేలు తీసినా ఈపి వెంట్రుకను పట్టుకునే ఉన్నట్టు, డిప్‌లో (పగడాన్ని మందు కలిపిన నీళ్లలో కాసేపు ముంచడంలో) పురుగులన్నీ రాలిపోయినా గుడ్లు అస్థిని పట్టుకునే ఉంటాయి. అందుకే ఎవరే మందు పేరు చెప్పినా నేను మొదట అడిగేది ఒక్కటే: గుడ్ల సంగతేమిటి?

ఇప్పుడు డిప్‌లు చూద్దాం. కోరల్ ఆర్‌ఎక్స్, రివైవ్ లాంటివి దుకాణంలో దొరుకుతాయి, వాడటం తేలిక, పగడం తట్టుకుంటుంది. పురుగులు పట్టు వదులుతాయి, అప్పుడు టర్కీ బేస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న పొడవాటి పిచికారీ గొట్టం) కొమ్మల సందుల్లోకి గట్టిగా నీళ్లు కొడితే రాలి గిన్నె అడుక్కు చేరతాయి. నిజానికి ఈ డిప్‌లలో సగం పని చేసేది ఆ బేస్టరే. మందులో ముంచి ఊరికే కూర్చుంటే లాభం లేదు.

అమెరికాలో చాలామంది తోట పురుగుల మందు వాడతారు. ఒకప్పుడు బేయర్ అడ్వాన్స్‌డ్ అని దొరికేది, ఇప్పుడు బయోఅడ్వాన్స్‌డ్ పేరుతో వస్తోంది. అందులో ఇమిడాక్లోప్రిడ్, బీటా సైఫ్లూథ్రిన్ ఉంటాయి. చవక, వేగంగా పనిచేస్తుంది, దాని పేరు ఊరికే రాలేదు. కానీ సైఫ్లూథ్రిన్ జాతి మందులు చేపలకు, రొయ్యలకు అతి తక్కువ మోతాదులోనే విషం. దీన్ని పగడాలకు వాడమని డబ్బా మీద ఎక్కడా ఉండదు. వాడితే గ్లౌజులు వేసుకుని, ట్యాంకుకు దూరంగా విడి బకెట్లో ముంచి, తర్వాత మూడు బకెట్ల శుభ్రమైన ఉప్పునీళ్లలో ఒకదాని తర్వాత ఒకటిగా కడగాలి. ఆ నీళ్లు వీధి వాననీటి కాలువలో పొయ్యకండి, అది నేరుగా ఏ చెరువుకో వాగుకో చేరుతుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు నేను దీన్ని సిఫారసు చెయ్యను. ఇంత చేసినా గుడ్లు చెక్కుచెదరవు గనుక, ఆ ప్రమాదానికి తగ్గ ఫలం నాకు కనబడలేదు.

లుగోల్ అయొడిన్ పుండ్లకు, బ్యాక్టీరియాకు పనికొస్తుంది, ఈ పురుగుకు కాదు. మంచినీటి డిప్ ఆక్రోపోరాకు చెయ్యనే చెయ్యొద్దు.

ట్యాంకులోనే మందు వెయ్యడం అందరికీ ఆశ పుట్టించే దారి. ఒక్క పగడాన్నీ కదల్చక్కర్లేదు. ఇక్కడ వాడేది లెవామిసోల్, మన ఊళ్లలో గొర్రెలకు, మేకలకు పట్టించే నట్టల మందుల్లో ఒకటి. ఎర్ర ప్లనేరియా అనే చిన్న ఫ్లాట్‌వర్మ్‌లు ట్యాంకంతా పరుచుకున్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. ఫ్లాట్‌వర్మ్ అన్న పేరు చూసే చాలామంది ఆక్రోపోరా పురుగుకు కూడా ఇదే వేసేస్తారు. రెండూ ఫ్లాట్‌వర్మ్‌లే, కానీ జాతులు వేరు. ఆక్రోపోరా పురుగు చాలా మొండిది, పగడం నీడలో అతుక్కుని ఉంటుంది. మోతాదు పెంచితే రాళ్లలో మనకు మేలు చేసే బ్రిసిల్ వర్మ్‌లు, ఫెదర్ డస్టర్ పురుగులు కూడా పోతాయి. పైగా గుడ్లు పొదిగిన ప్రతిసారీ మందు మళ్లీ వెయ్యాలి. బ్రతికున్న రాతి (మేలు చేసే చిన్న జీవులు నిండిన లైవ్ రాక్) మీద ఆధారపడ్డ ట్యాంకులో అన్నిసార్లు మందు వెయ్యడానికి నాకు మనసొప్పదు.

వ్రాస్ చేపల వాదన మాత్రం బలమైనది. సిక్స్‌లైన్, మెలనూరస్, పసుపు కోరిస్, ఈ మూడూ పగలంతా పగడాల మధ్య తిరుగుతూ పురుగుల్ని ఏరుకు తింటాయి. ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్‌లోని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం వాళ్లు సిక్స్‌లైన్ వ్రాస్‌ను, పెప్పర్‌మింట్ రొయ్యను ఈ పురుగు మీదే పరీక్షించారు. రెండూ పురుగుల సంఖ్య తగ్గించాయి. ఇది మందుల్లేని దారి, ట్యాంకులోని ఏ జీవికీ విషం తగలదు. సిక్స్‌లైన్ చిన్న ట్యాంకులో తర్వాత వచ్చిన చేపల్ని వేధిస్తుంది. మెలనూరస్, కోరిస్ రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి గనుక అడుగున ఇసుక కావాలి. అన్నీ ఎగిరి బయట పడేవే, పైన వల మూత తప్పనిసరి.

అయినా వ్రాస్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. చేప సంఖ్య తగ్గిస్తుంది, మూలం తియ్యదు. తగ్గినప్పుడు కాటు మచ్చలు కనబడవు, పగడం రంగు తేరుకుంటుంది, పోయిందనుకుంటాం. ఆ నమ్మకంతోనే స్నేహితుడికి ఒక ఫ్రాగ్ (పెంచుకోవడానికి కత్తిరించిన పగడం ముక్క) ఇస్తాం. దాని మొదట్లో గుడ్లుంటాయి, ఆ ఇంట్లో వ్రాస్ ఉండదు. ఈ పురుగు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకే దారుల్లో ఇదొకటి. మీ ట్యాంకు మీకు బాగుంటే సరిపోదు, మీ చేతి మీదుగా వెళ్లే ప్రతి ముక్కా బాగుండాలి.

అందుకే నా ఓటు కష్టమైన దారికే: ఆక్రోపోరాలన్నిటినీ బయటికి తీసి విడి ట్యాంకులో పెట్టడం. ఈ పురుగుకు ఆక్రోపోరా తప్ప వేరే తిండి లేదు. ప్రధాన ట్యాంకులో ఒక్క ముక్క కూడా లేకపోతే, అక్కడ మిగిలిన గుడ్లు పొదిగినా పిల్లలు ఆకలితో చస్తాయి. గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టే దశకు 27 డిగ్రీల దగ్గర దాదాపు ఐదారు వారాలు పడుతుంది, నీళ్లు చల్లబడితే ఇంకా నెమ్మది. కాబట్టి ఖాళీ ఉంచిన ట్యాంకును 24 డిగ్రీలకు దించి కరెంటు ఆదా చేద్దామనుకోకండి, 26-27 దగ్గరే ఉంచండి. ఉన్న గుడ్లు త్వరగా పొదిగిపోవడమే మనకు కావలసింది. నేను ఆరు వారాలు కనీసం అంటాను, ఓపిక ఉంటే ఎనిమిది.

విడి ట్యాంకులో పని మందుతో కాదు, కత్తెరతో మొదలవుతుంది. పాత ప్లగ్ (పగడం ముక్కను అంటించే చిన్న బిళ్ల) పారేయండి. అస్థి తెల్లగా బయటపడ్డ మొదలునంతా బోన్ కట్టర్‌తో కత్తిరించేయండి, కండ నిండుగా ఉన్న భాగమే ఉంచి కొత్త ప్లగ్ మీద అంటించండి. కత్తిరించలేని చోట గుడ్లు కనబడితే స్కాల్పెల్‌తో గీకండి, గీకడానికీ వీలుకాకపోతే వాటి మీద సూపర్ గ్లూ జెల్ పూసి మూసెయ్యండి. ఆ తర్వాతే డిప్. ఐదు నుంచి ఏడు రోజులకోసారి డిప్ చేస్తే, మన కన్ను తప్పిన గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు పెద్దవై గుడ్లు పెట్టేలోగా రాలిపోతాయి. డిప్ తర్వాత గిన్నె అడుగు నీళ్లు తెల్లటి పళ్లెంలో పోసి భూతద్దంతో చూడండి. వరుసగా మూడు డిప్‌లలో ఏమీ రాలకపోతే నెమ్మదించవచ్చు, ఆపొద్దు.

ఈ దారికి వెల ఉంది. విడి ట్యాంకులో వెలుతురు, ప్రవాహం, ఆల్కలినిటీ సరిగ్గా లేకపోతే పురుగు చంపనిది మనం చంపుతాం. ప్రధాన ట్యాంకు నీళ్లతోనే దాన్ని నింపండి, దీపం ఎత్తు రెండింటా ఒకేలా ఉంచండి. కొన్ని పగడాలు పోతాయి, ముఖ్యంగా ముందే నీరసించినవి.

రాయికి పూర్తిగా కరుచుకుపోయిన పెద్ద కాలనీ ఉంటే ఎలాగని అడుగుతారు. కొనలు కాపాడుకోండి, మొదలు వదిలేయండి. మూడు నాలుగు సెంటీమీటర్ల కొనలు, నాలుగు వైపులా కండ ఉన్నవి, గుడ్లు లేకుండా దొరికే భాగం అదే. మిగతా కాలనీ రాయితో సహా బయటికి. ఏళ్లుగా పెంచిన చెట్టులాంటి పగడాన్ని అలా తీసెయ్యడం ఎంత బాధో నాకు తెలుసు. కానీ అది అక్కడుంటే ఆరు వారాల ఖాళీకి అర్థమే లేదు.

రెడ్ బగ్స్ అయితే నా తీర్పు తిరగబడుతుంది. అవి టెగాస్టెస్ ఆక్రోపోరానస్ అనే అర మిల్లీమీటరు కోపెపాడ్‌లు (రొయ్యలకు బంధువులైన చిన్న జీవులు), పసుపు ఒళ్లు, మీద ఎర్ర చుక్క. గుడ్లు అస్థికి అంటించవు, ఆడది ఒంటి మీదే మోస్తుంది. అందుకే కుక్కల హార్ట్‌వర్మ్ మందు మిల్బెమైసిన్ ట్యాంకులోనే వెయ్యడం ఇక్కడ సరైన దారి. ఆరు గంటలు ఉంచి, నీళ్లు మార్చి, మిగిలిన మందును పీల్చే కార్బన్ పెట్టి, వారం ఎడంతో మూడుసార్లు చేస్తారు. అమెరికాలో పశువైద్యుడి చీటీ కావాలి. రొయ్యల్ని, పీతల్ని ముందే తీసి విడిగా ఉంచండి, వాటికీ అది విషమే.

మాంటిపోరా అనే ఇంకో గట్టి పగడాన్ని తినే న్యూడిబ్రాంక్‌కు (పెంకు లేని సముద్రపు నత్త) 2020లో ఫెస్టిల్లా సబోడియోసా అని పేరు పెట్టారు. అది పలకల అడుగున తెల్లటి గుడ్లు పెడుతుంది గనుక ఫ్లాట్‌వర్మ్ పద్ధతే: తీసి, గీకి, వారం వారం డిప్. జోయాంథస్ అనే మెత్తటి పగడాల్లాంటి జీవుల మీద వచ్చే న్యూడిబ్రాంక్‌లకు డిప్, చేత్తో ఏరడం చాలు.

వ్రాస్‌లకు నా పథకంలో చోటు చివర్లో ఉంది. పగడాలు తిరిగి ట్యాంకులోకి వచ్చాక ఒక మెలనూరస్‌నో కోరిస్‌నో వదలండి, ఒకటీ అరా తప్పించుకుని ఉంటే తింటుంది. ఇకపై కొనే ప్రతి ఫ్రాగ్ ప్లగ్‌ను వచ్చిన రోజే తీసేసి, మొదలు భూతద్దంతో చూసి, విడి ట్యాంకులో ఆరు వారాలు ఉంచాకే లోపలికి పంపండి.