తళ్ళికోట ఓటమి: ద్రోహమా, ఫిరంగులా, రామరాయల ఎత్తులా?

బెంగళూరు తెలుగువాళ్ళకి హంపి ఒక్క రాత్రి ప్రయాణం. వరుసగా మూడు రోజులు సెలవొస్తే మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు వెళ్ళొస్తారు. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో బీజాపూరు, అహమ్మద్‌నగర్, గోల్కొండ, బీదరు సుల్తానులు నలుగురూ కలిసి, కృష్ణరాయల అల్లుడు (కన్నడంలో అళియ) రామరాయలు నడుపుతున్న విజయనగరాన్ని ఓడించారు, హంపి పాడైంది ఆ తర్వాతే. అక్కణ్ణుంచి వచ్చాక, ఆ ఓటమి గురించి అందరూ నన్ను అడిగేది ఒకటే: "గైడేమో గిలానీ సోదరులు మోసం చేశారన్నాడు, యూట్యూబులో ఫిరంగులంటున్నారు. అసలు ఏది నమ్మాలండీ?" విడివిడిగా చెప్పి చెప్పి, ఇక రాసేద్దామనుకున్నాను.

ముందు ద్రోహం సంగతి. విజయనగర సేనలోని ఇద్దరు ముస్లిం సేనానులు (గైడు గిలానీ సోదరులనేది వీళ్ళనే), ఒక్కొక్కరి కింద డెబ్బై ఎనభై వేల సేన, యుద్ధం మధ్యలో అటు తిరిగిపోయారని రాసింది వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్. అతను యుద్ధం చూడలేదు. కానీ 1567లో, నగరం పాడైన రెండేళ్ళకే, అక్కడ ఏడు నెలలున్నాడు. కాబట్టి ఆ మాట గాలికబురని తోసెయ్యలేం. గెలిచినవాళ్ళ తరఫున రాసిన పారశీక చరిత్రకారుడు ఫెరిష్తా మాత్రం దీని ఊసెత్తడు. ఓడిన ఊరికి ఇలాంటి కథలో కాస్త ఊరట కూడా ఉంటుంది కదా.

ఫిరంగుల వాదానికి బలం ఎక్కువ. సుల్తానుల వైపు ఆరు వందల ఫిరంగులను మూడు వరుసల్లో నిలిపారనీ, శత్రువు దగ్గరపడ్డాక గుండ్లకు బదులు రాగి నాణేల సంచులు కూరి పేల్చారనీ ఫెరిష్తా చెబుతాడు. ఆ దెబ్బకు ముందు వరుసలు ఏమయ్యుంటాయో ఊహించుకోవచ్చు. అయితే 1520లో రాయచూరు దగ్గర అప్పటి బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షాకీ ఫిరంగులు దండిగానే ఉన్నాయి. వాటన్నిటితోనూ కృష్ణరాయల చేతిలో ఓడాడు. ఫిరంగి ఆ పూట యుద్ధాన్ని తేల్చగలదు గానీ, ఒకరినొకరు చంపుకునే సుల్తానులను ఒకే గుడారంలో కూర్చోబెట్టలేదు.

మతయుద్ధం అనేవాళ్ళూ ఉన్నారు. 1565కి ముందు ఆ సుల్తానుల్లో ఒకరి మీదికి ఇంకొకరు రామరాయల సాయంతోనే వెళ్ళారు, గెలిచిన కొన్నాళ్ళకే మళ్ళీ తమలో తాము కొట్టుకున్నారు. మతం మాట పిలుపుకి పనికొచ్చింది, అంతే.

నాకు తేల్చే అంశం అళియ రామరాయల రాజకీయమే. దాదాపు ఇరవై ఏళ్ళు ఆయన ఒకరి భుజం మీద తుపాకి పెట్టి ఇంకొకరిని కాల్చాడు. ఆ ఆట బాగానే సాగింది, అదే ఆయన్ని చెడగొట్టింది. బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్ షాని కొడుకులా చేరదీసి, అతనితో కలిసి అహమ్మద్‌నగర్ మీదికి వెళ్ళాడు. సంధి కావాలంటే అక్కడి సుల్తాను హుసేన్ నిజాం షా స్వయంగా వచ్చి రామరాయల చేతి తాంబూలం అందుకోవాలన్నది షరతుల్లో ఒకటని పారశీక చరిత్రలు చెబుతాయి. మన ఇళ్ళల్లో ఆకూవక్కా మర్యాద. తలవంచి పుచ్చుకోవలసిన రాజుకి అది ఎలా గుచ్చుకుని ఉంటుంది! చివరికి రామరాయల తల తీయించింది ఆ హుసేనే.

గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా సంగతైతే నాకు ఎప్పుడు తలుచుకున్నా బాధేస్తుంది. అన్న జంషీద్‌కి భయపడి 1543లో పారిపోయి వచ్చి, ఏడేళ్ళు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. తెలుగు నేర్చి మన కవులను ఆదరించాడు, వాళ్ళు అతన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అలాంటివాడి దగ్గర రామరాయలు పానుగల్లు వంటి కోటలు గుంజుకున్నాడు. 1565 జనవరిలో అతనూ కృష్ణానది దగ్గరికి సేనతో వచ్చాడు, అవతలి పక్షాన. అప్పటికే హుసేన్ కూతురు చాంద్ బీబీ షోలాపూరు కోట కట్నంగా అలీ ఆదిల్ షాకి భార్య అయింది. పాత పగలు పెళ్ళిపందిట్లోనే సర్దుకున్నాయి.

ద్రోహం జరగలేదని నేను అనను. జరిగినా అది ఆఖరి గంట సంగతి. నలుగురూ కలవకపోయి ఉంటే ఆ గంటే వచ్చేది కాదని నా నమ్మకం.

ఈసారి హంపికి కారులో వెళ్ళేవాళ్ళు అనంతపురం మీదుగా వెళ్ళండి, దారిలో పెనుకొండ దగ్గర ఒక గంట ఆగండి. రామరాయల తమ్ముడు తిరుమల, మిగిలిన ధనాన్ని ఏనుగుల మీద వేసుకుని చేరింది అక్కడికే. గగన్ మహల్ చూసి, ఆ తర్వాత హంపి చూడండి.